వంతెన ఎక్కడమే తెలిసిన కాళ్ళకు ఏ కొండ? గోదావరి డెల్టా నుంచి నాలుగు సైకిల్ దారులు

మా కోనసీమలో ఎత్తు అంటే వంతెనే. సిద్ధాంతం వంతెన, జొన్నాడ వంతెన, చించినాడ వంతెన. అంతకు మించి నేల లేవదు. అరటి గెలలు సైకిల్‌కి కట్టుకుని రావులపాలెం వెళ్ళే మనిషి కూడా వంతెన మొదట్లో దిగిపోయి, నెట్టుకుంటూ పైకి వెళ్ళి, అక్కడ మళ్ళీ ఎక్కుతాడు. ఆయన కాళ్ళలో బలం లేక కాదు. ఆ సైకిల్ ఎత్తులకు తయారైంది కాదు.

కార్తీకం దగ్గర పడేసరికి ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురైనా నన్ను అడుగుతుంటారు. "మాస్టారూ, సైకిళ్ళ మీద మారేడుమిల్లి మీదుగా భద్రాచలం వెళ్ళొద్దామనుకుంటున్నామండీ. కొండలూ చూసినట్టుంటుంది, రాముడి దర్శనమూ అవుతుంది." ఆలోచన మంచిదే. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: మీ సైకిల్‌కి వెనక పళ్ళెన్ని? చాలామంది మొహమొహాలు చూసుకుంటారు.

నాకూ ఒకప్పుడు తెలియదు. మామూలు నల్ల సైకిల్, వెనక క్యారియర్ మీద సంచి, పక్కన ఒక స్నేహితుడు. అలా మారేడుమిల్లి ఘాట్‌కి వెళ్ళాను. ఎక్కేటప్పుడు ఇద్దరం నెట్టుకుంటూ కబుర్లాడుకుంటూ బాగానే పోయాం. దిగేటప్పుడు చినుకు పడింది. కడ్డీ బ్రేకులు, తడిసిన ఉక్కు రిమ్ములు. నొక్కితే సైకిల్ ఆగడం మాట అటుంచి, కనీసం విన్నట్టయినా లేదు. నాలుగు మలుపులు కాలు నేలకు ఆనించి ఆపాను. కుడికాలి చెప్పు మడమ దగ్గర కాగితంలా అరిగిపోయింది. మిగిలిన దారి సైకిళ్ళు జీపు మీద, మేం జీపులో. కొండ ఎక్కడానికి కాళ్ళు చాలవేమో అని అందరూ భయపడతారు. భయపడాల్సింది దిగడం గురించి అని నాకు తెలిసింది ఆ రోజే.

కాబట్టి దారుల సంగతికి ముందు సైకిల్ సంగతి చెబుతాను. ఏ దారి ఎంచుకోవాలో సగం అక్కడే తేలిపోతుంది.

మామూలు సైకిల్‌కి ముందు, పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రానికి 44 పళ్ళు, వెనక చక్రం మధ్యలో ఉండే పళ్ళ బిళ్ళకు, అంటే ఫ్రీవీల్‌కి, 18 పళ్ళు ఉంటాయి. పెడల్ ఒక చుట్టు తిప్పితే బండి దాదాపు అయిదున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు 20 కిలోమీటర్లు. కాలవ గట్టు మీద ఇది హాయి. ఎత్తులో అంత వేగం ఎవరి వల్లా కాదు కాబట్టి చుట్లు తగ్గుతాయి. ఒక్కో చుట్టుకీ మనిషి బరువంతా పెడల్ మీద వేయాలి, చివరికి మోకాళ్ళు మొరాయిస్తాయి. అదే గేర్ల సైకిల్‌లో ముందు 28, వెనక 28 పళ్ళ మీద పడేస్తే చుట్టుకు రెండు మీటర్లే. అవే 60 చుట్లు తిప్పితే గంటకు 7 కిలోమీటర్లు. నడకకన్నా కాస్త నయం, అంతే. కానీ దిగకుండా పోవచ్చు, ఆయాసం అదుపులో ఉంటుంది.

ఇక రోడ్డు వాలు. మన పక్క వంతెనలకు ఎక్కుడు సాధారణంగా 30 మీటర్లకో 40 మీటర్లకో 1 మీటరు లేచేట్టు ఉంటుంది. కొండ రోడ్లకు ఇంజనీర్లు పెట్టుకున్న మామూలు కొలత 20 మీటర్లకు 1 మీటరు. తప్పని చోట 14 మీటర్లకు ఒకటి దాకా పోనిస్తారు. అంటే వంతెనకు రెట్టింపు. పైగా వంతెన ఎక్కుడు మూడు వందల మీటర్లలో అయిపోతుంది, ఘాట్ కిలోమీటర్ల తరబడి సాగుతుంది.

మీ దగ్గర మామూలు సైకిలే ఉంటే కొత్తది కొనేయమని అనను. వెనక 18 పళ్ళ ఫ్రీవీల్ తీయించి 22 పళ్ళది వేయించండి. పెద్ద ఖర్చు కాదు, చుట్టుకు నాలుగున్నర మీటర్లకు దిగుతుంది. డెల్టాకీ, మెట్టకీ అది సరిపోతుంది. ఘాట్‌కి సరిపోదు. ఘాట్‌కి గేర్లు కావాలి, అంతకన్నా ముఖ్యంగా తడిలోనూ పట్టే బ్రేకులు కావాలి.

కొనే వాళ్ళకు ఒక్క మాట. ముందు, వెనక స్ప్రింగులున్న లావు టైర్ల సైకిళ్ళు కుర్రాళ్ళకు ముచ్చటగా కనిపిస్తాయి. తొక్కే బలంలో కొంత ఆ స్ప్రింగులే మింగేస్తాయి, బరువూ ఎక్కువ. స్ప్రింగుల్లేని హైబ్రిడ్ రకం మేలు, కానీ దాంట్లో ఒక చిక్కుంది. సన్నటి పొడవు మూతి వాల్వ్ ఉన్న ట్యూబులు వస్తే రంపచోడవరంలోనో చింతూరులోనో పంక్చర్ షాపు పంపు దానికి పట్టదు. మోటార్‌సైకిల్ మాదిరి వాల్వ్ ఉన్నది అడిగి తీసుకోండి. ఏదైనా సరే రెండు ట్యూబులు, చేతి పంపు మీ సంచిలోనే ఉండాలి.

మొదటి దారి: కొండ లేకపోయినా గాలి ఉంటుంది

పంచారామాల్లో నాలుగు మన గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి. సామర్లకోట కుమారారామం, ద్రాక్షారామం, పాలకొల్లు క్షీరారామం, భీమవరం గునుపూడిలోని సోమారామం. అయిదోదైన అమరావతి కృష్ణ ఒడ్డున ఉంది. సైకిల్ యాత్రలో దాన్ని ఇరికించకండి, వేరే చూసుకోవచ్చు. కార్తీక మాసంలో ఆర్టీసీ స్పెషల్ బస్సులు ఒక్క రోజులో అయిదూ తిప్పేస్తాయి. సైకిల్ మీద నాలుగింటికి రెండు రోజులు చాలు, మూడు రోజులైతే సుఖం.

ఈ దారిని "చదునే కదా" అని తీసిపారేసేవాళ్ళు ఒక్కసారి డిసెంబరులో భీమవరం నుంచి సామర్లకోట వైపు తొక్కి చూడాలి. ఆ నెలల్లో ఈశాన్యపు గాలి. రోజంతా గుండె మీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్నట్టు ఉంటుంది. కొండకైనా ఎక్కాక దిగుడు ఉంటుంది, ఎదురుగాలికి అదీ లేదు. అందుకే కార్తీకంలో, ఆ తర్వాత సంక్రాంతి దాకా సామర్లకోటలో మొదలుపెట్టి భీమవరంలో ముగించండి. గాలి వెనక నుంచి తోస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది కాబట్టి దూరం తొక్కాల్సిందంతా ఉదయం పదకొండులోపు కానిచ్చేయాలి.

సామర్లకోట గుడి, ద్రాక్షారామం గుడి ఒకదాని వెంట ఒకటి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండూ తూర్పు చాళుక్యుడు చాళుక్య భీముడి కాలపు పని, అంటే 900 అటూ ఇటూ. రెండింట్లోనూ లింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా లేచి ఉంటుంది, అభిషేకం పైనుంచి చేస్తారు. కారులో ఇవి రెండు వేర్వేరు రోజుల్లో చూసిన నాకు ఆ పోలిక తట్టలేదు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి సైకిల్ మీద చూసినప్పుడే తట్టింది.

ద్రాక్షారామం నుంచి కోటిపల్లి పన్నెండు కిలోమీటర్ల లోపే. అక్కడి సోమేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనీ దాటించే పడవ) ఎక్కితే అవతల ముక్తేశ్వరం. ఈ యాత్ర మొత్తానికీ నాకు ఇష్టమైన అరగంట అదే. సైకిల్‌ని పంటు అంచుకు ఆనించి, గౌతమి మీద గాలి పీల్చుకుంటూ నిలబడితే కాళ్ళ నొప్పి గుర్తుండదు. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు. అప్పుడు యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. ముందుగా రేవులో ఎవరినైనా అడిగించుకోండి.

రాత్రికి అమలాపురం. రెండో రోజు రాజోలు, చించినాడ వంతెన, పాలకొల్లు. దూరం నుంచే క్షీరారామం గోపురం కనిపిస్తుంది. దాన్నే గుర్తు పెట్టుకుని తొక్కొచ్చు, ఫోన్ చూడక్కర్లేదు. అక్కడి నుంచి భీమవరం ఇరవై పైచిలుకు కిలోమీటర్లు. సోమారామంలో లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు నల్లగా కనిపిస్తుందంటారు. గుడి పై అంతస్తులో అన్నపూర్ణమ్మ కొలువు.

జాగ్రత్తలు రెండు. సార్వా (వానాకాలం పంట) కోతల్లో, దాళ్వా (రెండో పంట) కోతల్లో రోడ్డు సగం ధాన్యం ఆరబోతే. గింజల మీద చక్రం జారుతుంది, పైగా ఎవరి కష్టమో తొక్కడం మర్యాద కాదు. దిగి నడవండి. భీమవరం పక్కకు వచ్చేసరికి చేపలు, రొయ్యల లారీల నుంచి కారిన నీళ్ళతో రోడ్డు నున్నగా ఉంటుంది. మలుపులో బ్రేకు గట్టిగా పట్టారో, పడ్డట్టే.

తిండి గురించి చెప్పక్కర్లేదు. ఈ దారిలో ఆకలితో అలమటించిన మనిషి పుట్టలేదు. నీళ్ళు కూడా మోయక్కర్లేదు, పది అడుగులకో కొబ్బరి బొండం.

రెండో దారి: చిన్న తిరుపతి, గుంటుపల్లి

నన్నడిగితే డెల్టా మనిషి మొదటి కొండ యాత్ర ఇదే కావాలి. నాలుగు దారుల్లోనూ దీని గురించే జనం తక్కువ మాట్లాడతారు. ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు.

భీమవరం నుంచి తాడేపల్లిగూడెం, అక్కడి నుంచి నల్లజర్ల మీదుగా ద్వారకా తిరుమల. రాజమండ్రి నుంచి వచ్చేవాళ్ళు కొవ్వూరు దాటి దేవరపల్లి మీదుగా రావొచ్చు. గూడెం దాటిన కాసేపటికి నేల రంగు మారుతుంది. నల్ల మట్టి పోయి ఎర్ర మట్టి వస్తుంది. వరి పోయి పామాయిల్, జీడిమామిడి, జామాయిల్ తోటలు వస్తాయి. కాలవ కనిపించదు. డెల్టా వాళ్ళం "మెట్ట" అని ఒక్క ముక్కలో చెప్పేసే సీమ అది. రోడ్డు లేస్తుంది, దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఏ ఎత్తూ కిలోమీటరు మించి బాధపెట్టదు. బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు, ఈ మెట్ట కాళ్ళకు ఎక్కుడు దిద్దిస్తుంది. గేరు ఎప్పుడు మార్చాలి, ఊపిరి ఎలా పట్టాలి, దిగేటప్పుడు బ్రేకు ఎలా వాడాలి అన్నీ ఇక్కడ తప్పు చేసి నేర్చుకోవచ్చు. తప్పు చేసినా లోయలో పడరు.

ద్వారకా తిరుమల గుడి శేషాద్రి కొండ మీద ఉంది. కొండ పెద్దదేమీ కాదు. గర్భగుడిలో ఒకే విమానం కింద రెండు మూర్తులు ఉండడం అక్కడి విశేషం. పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు కానీ, చిన్న తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలోనే తీర్చాలంటారు మన పెద్దవాళ్ళు. రాత్రి అక్కడి సత్రంలోనో లాడ్జిలోనో ఉండండి. పెళ్ళిళ్ళ ముహూర్తాల రోజులైతే మాత్రం గది దొరకదు. ఒకసారి మాకు ఒక లాడ్జివాళ్ళు గది ఇచ్చి, సైకిళ్ళు మాత్రం లోపలికి రానివ్వమన్నారు. "టైల్స్ పాడవుతాయండి" అన్నాడు ఆ అబ్బాయి. రాత్రంతా ఇద్దరం వంతుల వారీగా కిటికీలోంచి తొంగి చూస్తూ గడిపాం. అడ్వాన్సు కట్టే ముందే సైకిల్ సంగతి అడగడం అలవాటైంది అప్పటినుంచి.

మర్నాడు కామవరపుకోట మీదుగా జీలకర్రగూడెం, పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ ఊరి దగ్గరే గుంటుపల్లి గుహలు. ఇసుకరాతి కొండను తొలిచి బౌద్ధ భిక్షువులు చేసుకున్న విహారాలు అవి. మొదటి పనులు క్రీస్తు పూర్వానివి, అంటే రెండు వేల ఏళ్ళకు పైబడినవి. గుండ్రటి చైత్య గుహలోకి వంగి వెళ్ళి తల పైకెత్తి చూడండి. పైకప్పు రాతిదే కానీ చెక్క వాసాలు, దూలాలు వేసినట్టు చెక్కారు. మన తాటాకు గుడిసె లోపలి నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలాగే. చెక్క ఇళ్ళు కట్టే చేతులే ఆ రాయి చెక్కాయని చెప్పకనే తెలుస్తుంది. మధ్యలో రాతి స్తూపం. ఊళ్ళోవాళ్ళకు ఆయన ధర్మలింగేశ్వరుడు. బుద్ధుడి స్తూపానికి విభూతి రేఖలు చూసి చిరాకు పడే చరిత్ర విద్యార్థులను చూశాను. నాకైతే ముచ్చటేసింది. ఇన్ని శతాబ్దాలు ఆ గుహ పాడుబడకుండా ఎవరో ఒకరు దీపం పెట్టారన్నమాట.

సైకిల్ కింద టికెట్టు దగ్గర వదిలి మెట్లెక్కాలి. ఎండ మొదలవకముందే చేరండి. కొండ మీద కొనుక్కోవడానికి ఏమీ ఉండదు, నీళ్ళు కింది నుంచే పట్టుకెళ్ళాలి.

ఈ దారికి మూడు రోజులు. 22 పళ్ళ ఫ్రీవీల్ వేసిన మామూలు సైకిల్‌తోనే పూర్తి చేయొచ్చు. రెండు మూడు చోట్ల నెట్టాల్సి వస్తే నెట్టండి, ఎవరూ చూడరు.

మూడో దారి: అన్నవరం

దీని గురించి తక్కువే చెబుతాను. రత్నగిరి కొండ, కింద పంపా నది, 1891లో వెలిసిన సత్యదేవుడు, విస్తరాకులో కట్టిచ్చే గోధుమ నూక ప్రసాదం. మన ఇళ్ళల్లో ఆ కొండకు వెళ్ళని దంపతులు ఉండరు. కానీ రాజమండ్రి నుంచి సైకిల్ మీద అంటే దాదాపు అంతా జాతీయ రహదారే. పక్క నుంచి లారీ పోయిన ప్రతిసారీ హ్యాండిల్ వణుకుతుంది. దేవుడి మీద మనసు నిలవదు, వెనక వచ్చే హారన్ మీదే ఉంటుంది.

తప్పదంటే సామర్లకోట నుంచి పిఠాపురం, కత్తిపూడి మీదుగా వెళ్ళండి, 45 కిలోమీటర్ల దాకా. పిఠాపురంలో కుక్కుటేశ్వరుణ్ణి, పురుహూతికా అమ్మవారినీ చూసుకోవచ్చు. కత్తిపూడి నుంచి చివరి ముక్క మాత్రం పెద్ద రోడ్డే. కొండ మీదికి రోడ్డు పొట్టిది, గేరు పరీక్షకు పనికొస్తుంది. కింద కొబ్బరికాయల కొట్లో సైకిల్ అప్పగించి మెట్లదారిన ఎక్కడం ఇంకా బాగుంటుంది. సీటు కింద సంచిలో అరటిపండు వదిలేయకండి, కోతులు జిప్పు తీయడం నేర్చుకున్నాయి.

నాలుగో దారి: మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం

అందరూ అడిగేది ఇదే, ఊరించేదీ ఇదే. రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు, భద్రాచలం. మొత్తం 195 కిలోమీటర్ల చిల్లర. పట్టు ఉన్నవాళ్ళు రెండు రోజుల్లో చేస్తారు. చేసి ఏం చూశారని అడిగితే ముందు చక్రం చూశామంటారు. నాలుగు రోజులు పెట్టుకోండి.

మొదటి రోజు రంపచోడవరం దాకా, 57 కిలోమీటర్లు. దారిలో కోరుకొండ లక్ష్మీనరసింహస్వామి గుట్ట ఉంది, ఆరు వందల పైచిలుకు మెట్లు. మెట్లెక్కితే తొక్కే కాళ్ళు బిగుసుకుపోతాయి కాబట్టి ఆ రోజుకు కింది నుంచే దణ్ణం పెట్టుకోమంటాను. గోకవరం దాటాక ఏజెన్సీ గాలి తగులుతుంది. రంప అన్న పేరు వినగానే 1922–24 తిరుగుబాటు గుర్తొస్తుంది. అల్లూరి సీతారామరాజు మనుషులు నడిచిన అడవులివే, వాళ్ళకు సైకిళ్ళు కూడా లేవు.

రెండో రోజు మారేడుమిల్లి, 28 కిలోమీటర్లే. అంత తక్కువా అని నవ్వకండి. కాస్త కాస్త లేస్తూ పోయే రోడ్డు అది. కంటికి చదునుగా కనిపిస్తుంది, కాళ్ళకు కాదు. సైకిల్ పాడైందేమో, చక్రానికి బ్రేకు తగులుతోందేమో అని నేను రెండు సార్లు దిగి చూసుకున్నాను. ఏమీ లేదు, ఎక్కుడు అంతే. మధ్యాహ్నానికి చేరి బొంగులో చికెన్ తిని పడుకోవడం ఆ రోజు పని. శాకాహారులకు పెద్ద ఆకర్షణ లేదని ఒప్పుకోవాలి. శని, ఆదివారాల్లో టూరిజం గదులు, అటవీ శాఖ గదులు నిండిపోతాయి. మంగళవారమో బుధవారమో చేరేట్టు బయల్దేరండి, రోడ్డు మీద కార్ల రద్దీ కూడా ఉండదు.

మూడో రోజే అసలు ఘాట్. మారేడుమిల్లి నుంచి చింతూరు 40 కిలోమీటర్లకు పైనే. తెల్లవారి మంచు కరిగే దాకా ఆగి బయల్దేరాలి. మంచులో ఎదురొచ్చే లారీకి మీరు కనపడరు. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు. మధ్యలో కొట్లు ఉంటాయని నమ్ముకోవద్దు. ఫోన్ సిగ్నల్ చాలాసేపు ఉండదు, ఇంట్లో ముందే చెప్పకపోతే వాళ్ళకు టెన్షన్.

ఎక్కుడులో తొందర పడకండి. చిన్న గేరు వేసి, మాట్లాడుతూ తొక్కగలిగినంత నెమ్మదిగా పొండి. మాట ఆగిందంటే వేగం ఎక్కువైందని లెక్క. దిగుడు మొదలయ్యే చోట ఆగండి. బ్రేకు రబ్బర్లు చూసుకోండి. సామాను తాళ్ళు మళ్ళీ బిగించండి. దిగేటప్పుడు బ్రేకు అదే పనిగా పట్టి ఉంచితే రిమ్ము కాలిపోతుంది, రబ్బరు గాజులా నునుపెక్కి పట్టు వదిలేస్తుంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదలాలి. ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండూ వాడాలి. ఒక్క ముందుదే పడితే తలకిందులవుతారు, ఒక్క వెనకదే పడితే చక్రం జారుతుంది. ప్రతి పది నిమిషాలకూ ఆగి రిమ్ముకు వేలు దగ్గరగా పెట్టి చూడండి. సెగ తగిలితే ఆ చెట్టు కిందే కూర్చోండి. అడవి చూడడానికే కదా వచ్చింది.

తులసిపాక దాటి చింతూరు చేరేసరికి చేతుల వేళ్ళు బ్రేకు పట్టి పట్టి ముడుచుకుపోయి ఉంటాయి. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను. కొట్టు అవ్వ చూసి, "ఎక్కడినించి వత్తన్నారు బాబూ?" అంది. అమలాపురం అన్నాను. "బస్సులు లేవా అక్కడ?" అంది.

నాలుగో రోజు భద్రాచలం, అరవై పైచిలుకు కిలోమీటర్లు. చింతూరులో శబరి పక్కన మొదలై గోదావరి ఒడ్డున ముగుస్తుంది. మనం రోజూ చూసే గోదావరే, కానీ పాపికొండల్లో దూరకముందు. పదిహేడో శతాబ్దంలో కంచర్ల గోపన్న పన్నుల సొమ్ముతో కట్టించి గోల్కొండ ఖైదుకు వెళ్ళింది ఈ గుడి కోసమే. ఓపిక ఉంటే మర్నాడు పర్ణశాల, 35 కిలోమీటర్లు. శ్రీరామనవమికీ, ముక్కోటికీ అటు వెళ్ళొద్దు, సైకిల్ నిలబెట్టే చోటు కూడా దొరకదు.

వానాకాలంలో ఈ దారి వద్దు. వాగులు పొంగుతాయి, కొండచరియలు పడతాయి, ఏజెన్సీ జ్వరాల కాలం కూడా అదే. మార్చి దాటాక ఎండ. నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, తుపాను కబురు లేకపోతే. ఏ కాలమైనా చీకటి పడ్డాక ఘాట్‌లో తొక్కొద్దు. దోమల మందు, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి.

మరి మీకు ఏది?

ఇంతవరకూ పాతిక కిలోమీటర్లు మించి తొక్కని వాళ్ళు ఏ దారికీ వెళ్ళకండి. ముందు ఒక ఆదివారం కొవ్వూరు నుంచి ఏటిగట్టు మీద పట్టిసీమ వెళ్ళి రండి, రానూ పోనూ యాభై. గోదావరి మధ్య లంక మీద వీరభద్రుడు, పడవలో వెళ్ళాలి. ఆ రాత్రి కూర్చుంటే నొప్పి లేకపోతే పంచారామాలకు తయారైనట్టే.

పంచారామాలు సుఖంగా చేసినవాళ్ళు ఘాట్‌కి దూకాలని ఉబలాటపడతారు. మధ్యలో గుంటుపల్లి పెట్టుకోమని నా పోరు. చేసేవాళ్ళు తక్కువ. అది కుదరకపోతే కనీసం వంతెన పరీక్ష అయినా చేయండి. పది కిలోల సామాను కట్టి, తెల్లవారుజామున సిద్ధాంతం వంతెన మీద రానూ పోనూ పదిసార్లు, ఒక్కసారి కూడా దిగకుండా. అయిదోసారికే సైకిల్ మీద ప్రేమ తగ్గితే మారేడుమిల్లికి కారులో వెళ్ళి రావొచ్చు. బొంగులో చికెన్ రుచి మారదు.

యాభై దాటినవాళ్ళకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు పంచారామాల దారే మేలు. చిన్నదేం కాదది. భార్యాభర్తలు కలిసి వెళ్ళాలనుకుంటే కూడా అదే. ఊరు ఊరుకీ బాత్రూము, తిండి, డాక్టరు దొరుకుతాయి. చరిత్ర మీద మనసున్నవాళ్ళకు రెండో దారి. గేర్ల సైకిల్, తడికి పట్టే బ్రేకులు, నాలుగు రోజుల సెలవు, పంక్చర్ సొంతంగా వేసుకోగల చెయ్యి ఉన్నవాళ్ళకే నాలుగోది. ఈ నాలుగింట్లో మూడుంటే చాలదు. కార్తీకంలో ఒక్క రోజే సెలవు దొరికితే అన్నవరం రైల్లో వెళ్ళండి.

ఏ దారికైనా ఒక పంచె తీసుకెళ్ళండి. తొక్కుడు నిక్కరుతో గుడి ముందు నిలబడితే పూజారిగారు చూసే చూపు ఘాట్ కన్నా కష్టం. మధ్యాహ్నం చాలా గుళ్ళు తలుపులు వేసేస్తారు. మెట్ట దారిలోనూ డెల్టాలోనూ దాన్ని బట్టే రోజు లెక్క వేసుకోవాలి.

తిరుగు ప్రయాణం ఎవరూ ఆలోచించరు. భద్రాచలం చేరాక మళ్ళీ అంతా తొక్కే ఓపిక ఉండదు. అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా మరో రెండు మూడు రోజులు పెట్టుకుంటే తొక్కి రావొచ్చు. లేదంటే బస్సు. పైన క్యారియర్ ఉండి, కండక్టర్‌గారు ఒప్పుకుంటే లగేజీ టికెట్టు కొట్టి ఎక్కిస్తారు. లోపలి డిక్కీలో పెట్టాలంటే హ్యాండిల్ తిప్పి, పెడళ్ళు విప్పాలి. 15 నంబరు పానా ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటుంది, మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. భద్రాచలం బస్టాండులో అరగంట తిప్పాక, పక్కనున్న డ్రైవర్‌గారు చెబితే నాకు తెలిసింది.